టర్బైన్లు లేని టర్బైన్ హాలు

లండన్‌లో మేము చూడవలసిన స్థలాల పట్టికను మా అమ్మాయి మేము బయలుదేరక ముందే తయారుచేసి పంపింది. అందులో నాలుగో రోజుకు టేట్ మోడర్న్, ఆధునిక కళల మ్యూజియం అని రాసి ఉండడం చూసి, ఆ రోజు నన్ను ఇంట్లో వదిలేసి మీ అమ్మను తీసుకువెళ్ళమని ఫోనులో చెప్పాను. బొమ్మలంటే నాకు అయిష్టం లేదు. అర్థం కాని దాని ముందు నిలబడి అర్థమైనట్టు తల ఊపడం మాత్రం నాకు చేతకాదు. అప్పుడు అమ్మాయి, “అది ఒకప్పటి పవర్ స్టేషన్ నాన్నా. పెద్ద పెద్ద బొమ్మలన్నీ పెట్టేది టర్బైన్ హాలులోనే. ఆ హాలును ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు” అన్నది. ఆ మాట విన్న తరువాత నాకు ఆ నాలుగో రోజు ఎప్పుడు వస్తుందా అన్న ధ్యాసే మిగిలింది.

మా ప్రాంతం తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్ళే దారిలో, కొండపల్లి కొండల దగ్గర, కృష్ణా నదికి చేరువలో ఇబ్రహీంపట్నం ఉంది. అక్కడి విద్యుత్ కేంద్రానికి ఇప్పుడు డాక్టర్ నార్ల తాతారావు గారి పేరు పెట్టారు కాని, పాతవాళ్ళమైన మాకు అది వీటీపీఎస్సే, అంటే విజయవాడ థర్మల్ పవర్ స్టేషనే. దాని మొదటి యూనిట్, అంటే ఆవిరి పుట్టించే బాయిలరు, ఆ ఆవిరితో తిరిగి జనరేటరును తిప్పే టర్బైన్ కలిసిన జత, 1979లో నడక మొదలుపెట్టింది. 210 మెగావాట్ల యూనిట్లు ఆరు వచ్చాక 500 మెగావాట్లది ఒకటి, ఈ మధ్య 800 మెగావాట్లది ఒకటి చేరాయి. నేను 1984లో చేరినప్పుడు రెండే యూనిట్లు నడుస్తున్నాయి. ముప్పై ఒక్క సంవత్సరాల ఉద్యోగంలో పంతొమ్మిది సంవత్సరాలు షిఫ్టులలో, టర్బైన్ పక్కనే గడిచాయి. మా అమ్మాయి చిన్నతనంలో నేను ఇంటికి వచ్చేసరికి అది నిద్రపోతూ ఉండేది, లేదా అది బడికి వెళ్ళే వేళకు నేను నిద్రపోతూ ఉండేవాడిని. నేను పనిచేసిన చోటు లోపల ఎలా ఉంటుందో దానికి ఎప్పుడూ చూపించలేకపోయాను.

మొదటి రోజు బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి శిల్పాలను చూశాము. ఆ సంగతి వేరుగా, తీరికగా రాయవలసినది కనుక ఇక్కడ వదిలివేస్తున్నాను.

నాలుగో రోజు ఉదయం సెయింట్ పాల్స్ చర్చి వైపు నుంచి థేమ్స్ నది మీద కట్టిన కాలినడక వంతెన ఎక్కి అవతలికి వెళ్ళాము. ఆ వంతెన 2000 జూన్‌లో తెరిచిన రెండు రోజులకే మూతపడిందని అమ్మాయి చెప్పింది. జనం నడుస్తుంటే వంతెన పక్కకు ఊగడం, ఆ ఊపును తట్టుకోవడానికి జనం తెలియకుండానే ఒకే లయలో అడుగులు వేయడం, దానితో ఊపు ఇంకా పెరగడం జరిగిందట. తరువాత కింద ఆ ఊపును మింగే డాంపర్లు బిగించి 2002లో మళ్ళీ తెరిచారు. టర్బైన్ లోపల తిరిగే ఇరుసును, అంటే రోటరును, ఆగిన స్థితి నుంచి నిమిషానికి 3000 తిరుగుళ్ళకు తీసుకువెళ్ళే దారిలో కూడా అటువంటి వేగాలు కొన్ని తగులుతాయి. వాటి దగ్గర నిలిస్తే కంపనం పెరిగి బేరింగులు పాడవుతాయి కనుక అక్కడ ఆగకుండా గబగబా దాటించాలి. వంతెన మధ్యలో నిలబడి నేను ఈ సంగతి చెబుతుంటే మా ఇంటావిడ, “ముందు అవతలి ఒడ్డుకు పదండి, అక్కడ చెప్పుకోవచ్చు” అన్నది.

అవతలి ఒడ్డున ఉన్నది టేట్ మోడర్న్. ఒకప్పటి బ్యాంక్‌సైడ్ పవర్ స్టేషన్. నది వెంబడి పొడుగ్గా సాగిన ఎర్రటి, గోధుమ రంగుకు తిరిగిన ఇటుక గోడ, దాని సరిగ్గా మధ్యలో నలుపలకల చిమ్నీ ఒక్కటే. ఆ గోడలకు 42 లక్షల ఇటుకలు పట్టాయి. కాని ఇటుక పైతొడుగు మాత్రమే, లోపల బరువంతా మోసేది ఉక్కు చట్రం. నమూనా గీసినవాడు గైల్స్ గిల్బర్ట్ స్కాట్. ఇంగ్లండు వీధుల్లో కనిపించే ఎర్ర టెలిఫోన్ డబ్బాను రూపొందించినవాడు కూడా ఆయనే. యుద్ధం ముగిసిన కొత్తలో, 1947 చలికాలంలో కరెంటు కొరతతో ఆ దేశం అల్లాడుతున్నప్పుడు, ఊరి నడిబొడ్డున, సెయింట్ పాల్స్‌కు ఎదురుగా విద్యుత్ కేంద్రమేమిటని ఎందరు కాదన్నా ప్రభుత్వం పని మొదలుపెట్టించింది. రెండు విడతలుగా సాగి 1963లో పూర్తయింది. బొగ్గు గుట్టలు, బూడిద లేకుండా ఉండడానికి చమురుతో నడిపారు. అంతా కలిపి దాని సామర్థ్యం 300 మెగావాట్లు, అంటే మా ఏడో యూనిట్ ఒక్కదానికంటే తక్కువ.

చిమ్నీ కింద నిలబడి చాలాసేపు పైకి చూశాను. దాని ఎత్తు 99 మీటర్లు. ఎదుటి ఒడ్డున ఉన్న సెయింట్ పాల్స్ గుమ్మటం 111 మీటర్లు. గుమ్మటం కంటే చిమ్నీ ఎత్తుగా ఉండకూడదన్న షరతుకు ఒప్పుకుని కట్టినది అది. మా వృత్తిలో చిమ్నీ ఎత్తును నిర్ణయించేది పొగ ఎంత దూరం పోయి ఎంత పలచబడాలన్న లెక్క. ఎత్తు తగ్గించమంటే పొగను మరో విధంగా శుభ్రం చేయవలసి వస్తుంది. అక్కడ థేమ్స్ నీటితో పొగను కడిగి గంధకాన్ని తగ్గించి వదిలేవారు. గాలిలో పోవలసిన మురికి కొంత నీటిలోకి పోయింది. ఒక ఊరు తన కంటికి ఇంపైన దృశ్యాన్ని కాపాడుకోవాలనుకుంటే దాని ఖర్చును ఎక్కడో ఒకచోట ఇంజినీరు చూపించక తప్పదు. ఆ ఖర్చు పెట్టడం సరైనదేనని మాత్రం ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డు చూసినప్పుడు నాకు అనిపించింది.

1970లలో చమురు ధరలు పెరిగిపోవడంతో ఆ కేంద్రాన్ని నడపడం గిట్టుబాటు కాలేదు. 1981లో ఆపివేశారు. చాలా ఏళ్ళు ఖాళీగా పడి ఉంది. కూల్చివేస్తారని అందరూ అనుకుంటున్న కాలంలో, 1994లో, తమ ఆధునిక కళాసంపదకు చోటు వెతుకుతున్న టేట్ సంస్థ దాన్ని ఎంచుకుంది. హెర్జోగ్, డి మ్యూరాన్ అనే స్విట్జర్లాండు వాస్తుశిల్పులు మార్పులు చేశారు. 13 కోట్ల 40 లక్షల పౌండ్లు ఖర్చయింది. 2000 మే నెలలో తెరిచారు. శాశ్వత సేకరణ చూడడానికి టికెట్టు లేదు. ఎవరైనా లోపలికి నడిచి వెళ్ళవచ్చు.

పడమటి ద్వారం నుంచి వెడల్పాటి వాలుదారి ఒకటి కిందికి దిగుతుంది. దాని మీద నాలుగు అడుగులు వేశాక తల పైకెత్తాను. ఆ క్షణంలో నాకు కలిగినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలంటే అది భయం. 35 మీటర్ల ఎత్తు, 150 మీటర్లకు పైగా పొడుగు ఉన్న హాలు. నిలువెత్తు ఉక్కు స్తంభాలు, పైన ఆ చివరి నుంచి ఈ చివరికి పోయే క్రేను పట్టాలు. అన్నీ నాకు తెలిసినవే. కాని మోత లేదు. టర్బైన్ హాలులో మోత లేకపోవడం అంటే మావంటి వారికి ఒకటే అర్థం. యూనిట్ ట్రిప్ అయిందని, అంటే ఉన్నట్టుండి ఆగిపోయిందని. ట్రిప్ అయినప్పుడు బయట సేఫ్టీ వాల్వులు ఊరంతా వినబడేలా గర్జిస్తాయి, లోపల మాత్రం రోటరు వేగం తగ్గుతూ తగ్గుతూ హాలు మూగబోతుంది. పక్క యూనిట్లు ఎంత గట్టిగా నడుస్తున్నా తన యూనిట్ మూగబోవడం షిఫ్టు మనిషికి కాళ్ళ కింద తెలిసిపోతుంది. పదవీ విరమణ చేసి ఇన్నేళ్ళయినా, ఎవరో ఒకరు కంట్రోల్ రూము వైపు పరుగెత్తాలి కదా అని నా కళ్ళు వెతికాయి. అక్కడ ఇద్దరు చిన్నపిల్లలు వాలుదారి మీద పడుకుని దొర్లుతున్నారు.

మేము వెళ్ళిన వారంలో హాలులో ఏ ప్రదర్శనా లేదు. ఒకటి తీసివేశారు, మరొకటి ఇంకా పెట్టలేదు. అమ్మాయి నొచ్చుకుంది కాని, నాకు అంతకంటే మేలైన రోజు దొరికేది కాదు. హాలు ఒక్కటే, ఏ అడ్డూ లేకుండా కనిపించింది. అప్పుడు నేను అమ్మాయిని మధ్యలో నిలబెట్టి, అక్కడ లేనివాటిని ఒక్కొక్కటిగా చూపించడం మొదలుపెట్టాను.

టర్బైన్‌ను ఎప్పుడూ నేల మీద పెట్టరు. దాని కిందనే కండెన్సర్ ఉండాలి. పని చేసి అలసిన ఆవిరి పైనుంచి కిందికి దిగి, నది నీరు పారే వేలాది గొట్టాల మీద చల్లబడి మళ్ళీ నీరవుతుంది. ఆ నీరే తిరిగి బాయిలరుకు పోతుంది. అందుకని టర్బైన్ ఉండే అంతస్తు నేలకు ఎంతో ఎత్తులో ఉంటుంది. దాన్ని మేము ఆపరేటింగ్ ఫ్లోర్ అంటాము. కొత్తగా చేరినవారికి కింద ఒక హాలు, పైన ఒక హాలు ఉన్నట్టు తోస్తుంది. బ్యాంక్‌సైడ్‌లో వాస్తుశిల్పులు చేసిన పెద్ద సాహసం ఏమిటంటే, మధ్యలోని ఆ అంతస్తును తీసివేసి కింది నేల నుంచి పైకప్పు వరకు అంతా ఒకటే చోటుగా విడిచిపెట్టారు. పాత అంతస్తు ఎంత ఎత్తులో ఉండేదో తెలిపే వంతెనలాంటి అరుగు ఒకటి హాలుకు అడ్డంగా మిగిలి ఉంది. అక్కడ ఉద్యోగం చేసినవారు ఎవరూ తమ హాలును ఇంత ఎత్తుగా చూసి ఉండరు. కొంత ఎత్తు వాళ్ళ కాళ్ళ కిందనే దాగి ఉండేది. ఈ మాట చెప్పినప్పుడు అమ్మాయి అరుగు వైపు, నేల వైపు మార్చి మార్చి చూసి, “అయితే ఇప్పుడు మనం కండెన్సర్ ఉన్న చోట నిలబడ్డామా నాన్నా?” అని అడిగింది. అవునన్నాను. వాళ్ళకు థేమ్స్ నీరు, మాకు కృష్ణ నీరు. మిగిలినదంతా ఒకటే విద్య.

పైన రెండు పాత క్రేన్లను తీసివేయకుండా ఉంచారు. అది చూసి నాకు ఆ వాస్తుశిల్పుల మీద గౌరవం పెరిగింది. టర్బైన్ హాలు రూపాన్ని నిర్ణయించేది నిజానికి క్రేనే. యంత్రాన్ని విప్పి బాగుచేసే ఓవర్‌హాలింగ్ వచ్చినప్పుడు పై మూతను, అంటే కేసింగును, ఆ తరువాత రోటరును పైకెత్తి, పక్క యూనిట్ మీదుగా తీసుకువెళ్ళి, సిద్ధం చేసిన దిమ్మల మీద దించాలి. అంత ఎత్తు, అంత ఖాళీ అందుకే ఉంచుతారు. రోటరు గాలిలో ఉన్నంతసేపు హాలులో ఎవరూ మాట్లాడరు. క్రేను నడిపే మనిషికి కింద నిలబడి చేతితో సైగలు చేసే మేస్త్రీ ఒక్కడే ఆ సమయానికి మా అందరికీ పెద్ద, చీఫ్ ఇంజినీరుతో సహా. ఆ సైగలను నేను అక్కడ చేసి చూపించాను. మ్యూజియం ఉద్యోగిని ఒకామె దూరం నుంచి చూసి నవ్వుతూ తల ఊపింది. ఇప్పుడు ఆ క్రేన్లు మోసేది శిల్పాలకు సంబంధించిన బరువులను అని అమ్మాయి చెప్పింది. యంత్రానికి మరో పని దొరకడం మంచిదే.

ఆ తరువాత నాకు మోత వినిపించింది.

జనం మాటలు, పిల్లల కేకలు కొంచెం సద్దుమణిగిన సమయంలో దక్షిణపు గోడ వైపు నుంచి సన్నగా, ఎడతెగకుండా ఒక గుయ్‌మనే మోత వస్తున్నది. అమ్మాయికి అది ఏసీ మోతలా అనిపించింది. నాకు ఏ సందేహమూ కలగలేదు. అది ట్రాన్స్‌ఫార్మర్. ఈ కేంద్రంలో నది వైపు బాయిలర్ హౌస్, మధ్యన టర్బైన్ హాలు, దక్షిణాన కరెంటును బయటి లైన్లకు పంపే స్విచ్ హౌస్ ఉండేవి. టర్బైన్లు ఆగి నలభై ఏళ్ళు దాటినా స్విచ్ హౌస్‌లో ఒక భాగం సబ్‌స్టేషన్‌గా ఇంకా పనిచేస్తూనే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుప రేకులు అయస్కాంతశక్తి మారినప్పుడల్లా అతి సూక్ష్మంగా సాగి కుదించుకుంటాయి. కరెంటు ఒక్కొక్క చక్రానికి రెండేసి సార్లు అలా జరుగుతుంది. మన దేశంలో కరెంటు సెకనుకు 50 చక్రాలు, ఇంగ్లండులోనూ 50. కాబట్టి రెండు చోట్లా మోత సెకనుకు వంద కంపనాలదే. అమెరికాలో 60 చక్రాలు కనుక అక్కడి మోత శ్రుతి వేరు. ఇబ్రహీంపట్నంలో స్విచ్‌యార్డు పక్కనుంచి నడిచేటప్పుడు పంతొమ్మిది ఏళ్ళు నేను విన్న శ్రుతి ఏదో, ఐదువేల మైళ్ళ అవతల ఆ గోడ వెనుక నుంచి నాకు వినిపించినది అదే. నేను గోడకు చెవి పెట్టి నిలబడ్డాను. మా ఇంటావిడ కూడా వచ్చి చెవి పెట్టింది. కాలనీలో రాత్రిపూట నిద్రపట్టనప్పుడు తనకూ ఈ చప్పుడే వినిపించేదని, నేను నైట్ షిఫ్టులో ఉన్న రోజుల్లో అది వినబడుతున్నంతసేపు అంతా బాగానే ఉన్నదనుకునేదాన్నని ఆమె అప్పుడు చెప్పింది. ముప్పై ఎనిమిది ఏళ్ళ కాపురంలో ఆ మాట నేను వినడం అదే మొదటిసారి.

ఇక కళ గురించి. ఆ హాలులో ఇదివరకు జరిగిన ప్రదర్శనల చిత్రాలను అమ్మాయి తన ఫోనులో చూపించింది. 2003లో ఓలాఫర్ ఎలియాసన్ అనే కళాకారుడు ఒకే రంగు కాంతినిచ్చే దీపాలతో, పొగమంచుతో, పైకప్పుకు అద్దాలు అమర్చి హాలు చివర సూర్యబింబాన్ని నిలిపాడు. ఇరవై లక్షల మందికి పైగా చూశారు. 2010లో చైనా కళాకారుడు అయ్ వేవే పది కోట్ల పింగాణీ పొద్దుతిరుగుడు గింజలను నేల మీద పరిపించాడు. జింగ్‌దెజెన్ పట్టణంలో 1600 మందికి పైగా పనివారు వాటిని చేతితో చేసి రంగు వేశారు. జనం వాటి మీద నడవాలన్నది ఉద్దేశం, కాని రాపిడికి దుమ్ము లేస్తున్నదని కొద్దిరోజులకే నడవడం ఆపించారు. బొగ్గు మిల్లుల దగ్గర పనిచేసిన నాకు ఆ జాగ్రత్త చాలా సరైనదనిపించింది.

ఫోనులో కాక నా కళ్ళతో నేల మీద చూసినది మాత్రం ఒక పగులు గుర్తు. 2007లో కొలంబియాకు చెందిన డోరిస్ సాల్సెడో అనే శిల్పి ఆ హాలు నేలను ఒక చివర సన్నని గీతగా మొదలుపెట్టి, పోనుపోను లోతుగా, 167 మీటర్ల పొడుగున చీల్పించింది. పరాయి దేశాల నుంచి వచ్చినవారిని ఒక సమాజం ఎలా వెలుపలే ఉంచుతుందో చెప్పడం ఆమె ఉద్దేశం. ప్రదర్శన ముగిశాక పగులును పూడ్చివేశారు, కాని పూడ్చిన గుర్తు వంకరలు పోతూ అలాగే ఉంది. నేను దాని వెంట ఈ చివరి నుంచి ఆ చివరి వరకు నడిచాను. టర్బైన్ పునాదిలో వెంట్రుకవాసి పగులు కనబడితే మేము దాని మీద గాజు పలకలు అంటించి, అవి విరుగుతున్నాయా లేదా అని నెలల తరబడి చూసేవాళ్ళం. పగులు కదులుతున్నదా, నిలిచి ఉన్నదా అన్నదే ప్రశ్న. ఆ శిల్పి అడిగినది కూడా అదే ప్రశ్న అని నాకు తోచింది. పదేళ్ళుగా ఆ దేశంలో ఉంటున్న మా అమ్మాయి ఆ గీతకు అవతలి పక్కన, నాకు సమానంగా నడుస్తూ వచ్చింది. మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. అర్థం కాని దాని ముందు తల ఊపవలసి వస్తుందని భయపడిన నేను, ఒక కళాఖండం ముందు అంతసేపు గడపడం నా జీవితంలో అదే ప్రథమం. అది కూడా తీసివేసి పూడ్చివేసిన కళాఖండం.

మేము చూసిన గ్యాలరీలు బాయిలర్ హౌస్‌లో ఉన్నాయి. అన్నిటి గురించి రాయలేను. కొన్ని గదులు నన్ను తాకలేదు, త్వరగానే దాటివచ్చాను. రేడియోల గోపురం ముందు మాత్రం ఆగిపోయాను. బ్రెజిల్ కళాకారుడు సిల్డో మెయిరెలెస్ 2001లో చేసిన ‘బాబెల్’ అది. కింద వాల్వులున్న పెద్దపెద్ద పాత రేడియోలు, పైకి పోయేకొద్దీ చిన్న ట్రాన్సిస్టర్లు, వందల కొద్దీ, ఒక్కొక్కటి ఒక్కొక్క కేంద్రాన్ని మెల్లగా పలుకుతూ. నీలి వెలుతురులో దాని చుట్టూ మూడుసార్లు తిరిగాను. విజయవాడ రేడియో కేంద్రం వార్తలు వింటూ, అవి ముగిసే వేళకు బ్యాగు తగిలించుకుని షిఫ్టు బస్సుకు బయలుదేరిన ఏళ్ళు గుర్తుకు వచ్చాయి. అన్ని గొంతుల మధ్య తెలుగు ఏదైనా వినిపిస్తుందేమోనని చెవి పెట్టాను. వినిపించలేదు.

నేను చూడాలనుకుని చూడలేకపోయినది ఒకటుంది. కార్ల్ ఆండ్రే అనే అమెరికన్ శిల్పి 120 ఫైర్ బ్రిక్‌లను ఒకదానిపై ఒకటిగా రెండు పొరలుగా నేల మీద పేర్చిన కృతి టేట్ సేకరణలో ఉంది. 1972లో కొన్నారు. ఇటుకలకు ప్రజల డబ్బు పెడతారా అని 1976లో అక్కడి పత్రికలు పెద్ద గొడవ చేశాయి. ఆ రోజు అది ప్రదర్శనలో లేదు. మొదట వినగానే నేనూ ఆ పత్రికల పక్షమే. కాని ఆలోచించిన కొద్దీ మరో సంగతి తోచింది. ఫైర్ బ్రిక్ అంటే ఏమిటో, ఎందుకో తెలిసినవారు ఎందరు? బాయిలరు లోపల నిప్పుకు ఎదురుగా నిలబడేది అదే. ఓవర్‌హాలింగులో మనిషి దూరే రంధ్రం గుండా లోపలికి వెళ్ళి, టార్చిలైటు వెలుగులో చూస్తే, మాడి, గాజులా కరిగి, అంచులు అరిగిపోయిన ఇటుకలు వరుసగా కనిపించేవి. మేస్త్రీలు వాటిని ఊడబెరికి కొత్తవి పేర్చి, తలుపు మూసి, లైటప్ చేశాక, అంటే బాయిలరు వెలిగించాక, మళ్ళీ ఏడాది వరకు వాటి ముఖం ఎవరూ చూసేవారు కాదు. ఎవరూ చూడని ఇటుకను వెలుతురులో పెట్టి, ఊరికే చూడండి అని ఒకాయన అన్నాడు. నేను ముప్పై ఏళ్ళు ఆ ఇటుకల పక్కన ఉండి కూడా వాటిని అలా చూడాలని అనుకోలేదు.

చివరగా భూగర్భంలోని చమురు ట్యాంకులలోకి దిగాము. ఒక్కొక్కటి 30 మీటర్ల వెడల్పు ఉన్న మూడు గుండ్రని ట్యాంకులు. 2012 నుంచి వాటిని నృత్యం, నాటకం వంటి ప్రత్యక్ష ప్రదర్శనలకు వాడుతున్నారు. కాంక్రీటును అలాగే ఉంచారు, సున్నం కూడా వేయలేదు. ఫర్నేస్ ఆయిల్ మాకు కూడా పరిచయమే. బొగ్గు కేంద్రంలోనైనా బాయిలరును మొదట వెలిగించేది దానితోనే. చల్లగా ఉంటే తారులా గడ్డకడుతుంది కనుక ఆవిరి గొట్టాలతో వేడిచేసి పారించాలి. ఆ గోడల మీద చేయి వేసి వాసన చూశాను. కాంక్రీటు వాసన తప్ప ఏమీ లేదు. ఆ రోజు నాకు మిగిలిన కోరిక ఒక్కటే. ఈ ట్యాంకును ఎవరు తోడేవారు, రాత్రి రెండు గంటలకు ఆ హాలులో ఎవరు టీ కాచుకునేవారు, ఆఖరి రోజున రోటరు ఆగిపోతుంటే ఎవరు పక్కన నిలబడ్డారు అన్నది తెలుసుకోవాలని. ఇటుకలు, ఉక్కు, క్రేను నిలిచాయి. చేతులు చేసిన పని ఎవరైనా రాసిపెడితే తప్ప నిలవదు.

విజయవాడకు తిరిగి వచ్చాక ఈ సంగతులు పాత మిత్రులకు చెప్పాను. ఒకాయన 2024 ఆగస్టులో పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ పాత కేంద్రపు ఎనిమిది కూలింగ్ టవర్లను పేలుడు పదార్థాలతో కూల్చిన వీడియోను మళ్ళీ చూపించాడు. చూస్తూ ఉండగానే అవి నేలకు ఒదిగిపోయాయి. కాలం చెల్లిన యూనిట్లను తీసివేయక తప్పదని నాకు తెలుసు. ఆ స్థలం కొత్త యూనిట్లకు కావాలి, పాత ఉక్కుకు ధర ఉంది, నిర్వహణ లేని టవరు ప్రమాదం కూడా. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున నిజాం కాలం నాటి థర్మల్ కేంద్రం ఉండేదని, ఇప్పుడు అక్కడ సినిమాకు వెళ్ళే పిల్లలకు చెబితే నమ్మరు. బ్యాంక్‌సైడ్ నిలిచినది ఊరి మధ్యలో, చర్చికి ఎదురుగా, నది ఒడ్డున ఉన్నందువల్ల కూడా. అన్నిటినీ మ్యూజియాలు చేయమని నేను అనను. కొచ్చిలో సుగంధ ద్రవ్యాల వ్యాపారం సాగిన ఆస్పిన్‌వాల్ గోదాములలో 2012 నుంచి కళా ప్రదర్శనలు జరుగుతున్నాయంటే, మన దేశంలో కూడా ఇది కానిపని కాదని మాత్రం అంటాను. 1979 నాటి మా మొదటి యూనిట్ ఆగే రోజు ఎప్పటికైనా వస్తుంది. ఆ రోజున ఒక రోటరును, ఒక కంట్రోల్ ప్యానెలును, పైనున్న క్రేనును ఉన్నచోటనే ఉంచి, కొండపల్లి బొమ్మలు చేసే కళాకారులను, విజయవాడ, గుంటూరు చిత్రకారులను ఆ హాలులోకి పిలిస్తే ఎంత బాగుంటుందో ఊహించుకుంటున్నాను.

అప్పటివరకు మా చేతిలో ఉన్న పని మేము చేస్తున్నాము. ప్రతి ఆదివారం ఉదయం భవానీపురంలోని మా ఇంటి డాబా మీద ముగ్గురం కూర్చుని, ఆగి చల్లబడిన 210 మెగావాట్ల యూనిట్‌ను మొదటి నుంచి ఎలా నడిపేవాళ్ళమో, పుస్తకంలో ఉన్నట్టు కాకుండా మేము నిజంగా చేసినట్టు, ఎవరు ఏ వాల్వు దగ్గర నిలబడేవారో, ఏ శబ్దం కోసం ఎదురుచూసేవారో, అంతా నోటుబుక్కులో తెలుగులో రాస్తున్నాము. మా అమ్మాయి లండన్ నుంచి ఫోనులో వింటూ, అర్థం కానిచోట ఆపి అడుగుతుంది. అది అడిగిన ప్రతిచోటా మేము రెండు పేజీలు అదనంగా రాయవలసి వస్తున్నది. మా నోటుబుక్కులో లైటప్ అయిపోయింది, కండెన్సర్‌లో వాక్యూమ్ పట్టింది, రోటరు తనను మెల్లగా తిప్పే బ్యారింగ్ గేరు మీద నుంచి విడివడి, మధ్యలో ఆగి వేడెక్కుతూ, పోయిన ఆదివారానికి 3000 తిరుగుళ్ళకు చేరింది. ఇక సింక్రనైజేషన్, అంటే యూనిట్‌ను గ్రిడ్‌తో కలపడం, మిగిలింది. దానికి ఆ రోజుల్లో కంట్రోల్ రూములో డెస్కు మీద పనిచేసినాయన నూజివీడు నుంచి రావాలి. మోకాళ్ళ నొప్పి తగ్గితే వచ్చే ఆదివారం వస్తానన్నాడు.